కాన్‌స్టాంటినోపుల్ తోలు పర్సు గారికి

అయ్యా పర్సు గారూ,

మీ వంశం గొప్పదే, కాదనను. 17, 18 శతాబ్దాల్లో వ్యాపారానికో రాయబారానికో ఇస్తాంబుల్ వచ్చిన యూరప్ దొరలు మీ తాతల్ని గుర్తుగా పట్టుకెళ్లేవారు. తోలు మీద వెండి జరీతో పూలు, లతలు, దొరగారి పేరు, ఊరి పేరు, సంవత్సరం. ఇప్పుడు మా వైపు పెళ్లి జాకెట్టు వీపు మీద మగ్గం వర్క్‌తో పెళ్లికొడుకు పేరు కుట్టిస్తున్నారు. ఆ సరదాకి మీరే పెద్దలు. గోల్కొండ గోడ మీద మేకుతో పేరు గీకినవాణ్ణి తిడతాం. అదే పేరు జరీతో కుట్టిస్తే మ్యూజియంలో అద్దాల పెట్టె!

ఇస్తాంబుల్ గ్రాండ్ బజార్‌లో మీరు కనబడ్డారు. మూత మీద కాన్‌స్టాంటినోపుల్ (ఇస్తాంబుల్ పాత పేరు), 1743. కొట్టాయన టీ ఇచ్చి, మా ముత్తాత పెట్టెలోది అన్నాడు. నేను సగానికి అడిగాను. ఇచ్చేశాడు. అప్పుడే అనుమానం రావాల్సింది.

రాత్రి హోటల్లో ఫోన్ చూస్తుంటే తెలిసింది, టర్కీ నుంచి పురాతన వస్తువులు బయటికి తీసుకెళ్లడం నేరమట. అంటే మీరు అసలైతే నాకు జైలు, నకిలీ అయితే నాకు టోపీ. టెన్షన్‌తో మూత తీసి వేస్తుంటే, బజారు గోలలో వినబడని చప్పుడొకటి వినబడింది. టిక్! టిచ్ బటన్. 1743లో టిచ్ బటన్!

ప్రాణం లేచొచ్చింది. అయినా పూర్తి నమ్మకం లేక, ఎయిర్‌పోర్ట్ స్కానర్ దగ్గర ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను: "స్వామీ, ఇది నకిలీ సరుకే అయ్యుండాలి, గుండు చేయించుకుంటా." ఆఫీసర్ మిమ్మల్ని అటూ ఇటూ తిప్పి, నవ్వి, తిరిగిచ్చేశాడు. జైలు తప్పింది గానీ ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

మీ తాతల్లో చాలామంది ఉత్తరాలు, కాగితాలు దాచుకునే సంచులు. నాకది తెలియక నోట్లు కుక్కాను. అమ్మ మాత్రం మిమ్మల్ని చూడగానే గ్యాస్ బుక్కు, ఇంటి పన్ను రసీదులు పెట్టేసింది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని, "ఈ రాసిందెవరి పేరురా?" అంది.

"ఊరి పేరమ్మా. ఇప్పుడా పేరు లేదులే."

"లేని ఊరెళ్లడానికా అంత టికెట్టు?"

ఇట్లు,
టోపీ పెట్టించుకుని, దేవుడికి గుండు బాకీపడ్డ మీ యజమాని