మామ బుట్టా, నా నోటుబుక్కూ

కర్నూలులో తుంగభద్ర ఒడ్డున మా మామ వల బాగుచేసుకుంటుంటే, ప్రతి ఏడూ ఒకే నెలలో, ఒకే చోట, ఒకే సైజు కన్నులున్న వల వేసి, పడ్డ చేపల రకం, పొడవు, బరువు రాసిపెట్టాలన్నాను. అంతే, మొదలైంది. (ఇది రాసేది నేను, కాబట్టి గెలిచేది ఎవరో మీకు తెలిసే ఉంటుంది.)

మామ: ఏమబ్బీ, నలభై ఏండ్లుగా ఈ ఏట్లో వల వేస్తున్నా. చేప తగ్గిందని నీ నోటుబుక్కు చెప్పాల్నా?

నేను: తగ్గిందని నీకు తెలుసు. ఎందుకు తగ్గింది?

మామ: హంద్రీ ఊరి మురుగంతా మోసుకొచ్చి ఈ ఏట్లో కలుపుతాంది. వాలుగ చేప పోయి జిలేబి చేప మిగిలింది. ఇంకేం కావాల?

నేను: హొస్పేట డ్యాంలో నీళ్లు వదిలిన ఏడు ఏరు నిండుతుంది, వదలని ఏడు ఇసుక తేలుతుంది. ఒక్క ఏడాది చేప పడలేదంటే అది కరువు వల్లా, మురుగు వల్లా, జిలేబి వల్లా అని ఎట్లా తేల్చేది? ఇరవై ఏళ్లు వరసగా రాసుంటే, నీళ్లు బాగా వచ్చిన ఏళ్లలో కూడా తగ్గుతోందో లేదో కనబడుతుంది. జిలేబిని, అంటే తిలాపియాను, మన దేశానికి 1952లో తెచ్చారు, అంతకు ముందు తాత బుట్టలో ఏమేం పడేవో నువ్వు చూడలేదు, నీ చిన్నప్పటి బుట్ట నేను చూడలేదు, ఎవడి చిన్నప్పటి ఏరు వాడికి అసలు ఏరు. అమెరికాలో ఇల్లినాయ్ నదిలో 1957 నుంచి ఒకే చోట్లలో చేపలను కరెంటుతో తేల్చి, కొలిచి, వదిలేస్తున్నారు. తర్వాత ఆసియా నుంచి తెచ్చిన సిల్వర్ కార్ప్ ఆ నదిలోకి చేరింది. పాత లెక్కలుండబట్టే అక్కడి సొంత చేపలు కొన్ని బక్కచిక్కాయని చూపగలిగారు.

మామ: కరెంటు పెడితే మాకు కేసు, వాళ్లకు సైన్సా?

నేను: వాళ్లు చేపల్ని బతికుండగానే వదిలేస్తారు మామా.

మామ: పోయినేడు నా పుట్టి పడవ తీసుకపోయి అడుగున తారంతా లేపి తెచ్చినావు. ముందు ఆ లెక్క రాయి.

నేను: రాయి తగిలింది. డబ్బులిస్తానన్నా కదా.

మామ: అన్నావు. ఇచ్చినావా?

నేను: ...ఇస్తా.

మామ: సరే, ఇది చెప్పు. ఇరవై ఏండ్లు రాసి తగ్గిందని తేలుస్తావు. అప్పుడు మురుగు ఆపుతారా? డ్యాం గేట్లు ఎత్తుతారా? ఒడ్డున అగ్గువకు దొరికేది మేమే. చేపలోళ్లు పట్టి పట్టి ఏరు ఖాళీ చేసినారని మా వలల మీదికొస్తారు. నీ నోటుబుక్కే సాక్ష్యం.

దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. నోటుబుక్కులు రెండు పెడదాం, ఒకటి నీ దగ్గరే ఉంటుంది, ఏ నెల నీళ్లెంత, మురుగు వాసన ఎట్లుంది అన్నది కూడా రాద్దాం అన్నాను. వలల మీదికొస్తే చూపడానికి నీ చేతిలోనూ కాగితం ఉంటుంది కదా.

ఏమీ అనకుండా బుట్ట బోర్లించాడు. బొచ్చె ఒకటి, మోసులు రెండు, మిగతాదంతా జిలేబి. అడుగున అరచేతిలో పట్టేంత బొచ్చె పిల్లలు ఐదారు. స్కేలు తీశాను.

మామ: అవి రాయొద్దు.

నేను: రాయకపోతే లెక్కే కాదు మామా.

మామ: తారు డబ్బులిచ్చినాక రాసుకో.