సభలో చెప్పేస్తే సరిపోదు
పునరభివృద్ధి (రీడెవలప్‌మెంట్) పనిలో స్వలాభం ఉన్న కార్పొరేటర్ ఆ సంగతి సభలో చెప్పి, ఓటేయకుండా ఊరుకుంటే చాలని ఒక వ్యాసంలో రాశారు. ఒప్పుకోలేను. మన షోలాపూర్‌కు వర్తించే 1949 నాటి మహారాష్ట్ర మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 10వ సెక్షన్ ప్రకారం కార్పొరేషన్ కాంట్రాక్టులో నేరుగా గానీ, భాగస్వామి ద్వారా గానీ వాటా ఉంటే పదవికే అనర్హుడు. అసలు చిల్లు అదే సెక్షన్ రెండో ఉపసెక్షన్‌లో ఉంది: స్థిరాస్తి కొనుగోలు, అమ్మకం, లీజు మినహాయింపే. రీడెవలప్‌మెంట్‌లో డబ్బంతా భూమిలోనే కదా! అందుకే కాంట్రాక్టు ఫైళ్లు తిరగేస్తే ఏమీ దొరకదు. పాత మిల్లు స్థలం ప్లాన్‌లోకి ఎక్కడానికి ముందు రెండు మూడేళ్ల ఫేర్‌ఫార్ (భూమి పేరు మార్పు) నమోదులు తీయించండి. సాత్‌బారా (7/12 భూమి రికార్డు) ఒక్కటే చూస్తే ఇప్పటి పేరే ప్రధానంగా కనిపిస్తుంది, చేతులు మారిన వరస తెలియదు. సిటీ సర్వే (పట్టణ భూముల సర్వే) హద్దులోనైతే ప్రాపర్టీ కార్డు, అంటే అక్కడి స్థలాల హక్కు రికార్డు, అడగాలి. కార్పొరేటర్ బావమరిది పేరుంటే అక్కడే ఉంటుంది.