బెంగళూరులో నీటి బిల్లు రెట్టింపైందా? లెక్క చూడండి

2025 ఏప్రిల్‌లో బెంగళూరు జలమండలి కావేరి నీటి చార్జీలు పెంచింది. అప్పటినుంచి అక్కడి మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: ‘బిల్లు రెట్టింపు చేసి పేదోడి పొట్ట కొట్టారు. నది నీళ్లకు డబ్బులేంటి? ఇంతకంటే ట్యాంకరే నయం. ముందు లీకులు ఆపమనండి.’ ఇందులో ఒక్కటే నిలబడేది, అదీ సగమే.

రెట్టింపు అన్నది అబద్ధం. మామూలు ఇళ్లకు నెలకు మొదటి 8 వేల లీటర్ల దాకా పెరిగింది లీటరుకు 0.15 పైసా. వెయ్యి లీటర్లకు 7 రూపాయలున్నది ఎనిమిదిన్నర అయింది. అంతవరకే వాడుకునే చిన్న కుటుంబానికి నీటి చార్జీ 56 నుంచి 68కి చేరింది. నెలకు 12 రూపాయలు! ఆ పైన 25 వేల దాకా 0.40 పైసా చొప్పున పెంచారు కాబట్టి 25 వేల లీటర్లు వాడే ఇంటికి 243 కాస్తా 323 అవుతుంది. ఇది తక్కువేమీ కాదు, మూడో వంతు పెరిగినట్టే. మురుగునీటి చార్జీ దీనికి అదనం, అపార్ట్‌మెంట్ల శ్లాబులు వేరు. కానీ ఇళ్ల నీటి చార్జీ ఏ శ్లాబులోనూ రెట్టింపు కాలేదు.

నది నీళ్లు ఊరికే రావు. కావేరి ఉన్నది దిగువన, బెంగళూరు ఉన్నది సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున. దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని తొరెకాడనహళ్లి నుంచి మూడు దశల్లో పంపులు పెట్టి ఎక్కించాలి. రాత్రీపగలూ కరెంటు కాలాల్సిందే. అంతకుముందు రేట్లు సవరించింది 2014లో. ఆ పదకొండేళ్లలో కరెంటు ఖర్చు ఎంత పెరిగిందో ఎవరి ఇంటి బిల్లు చూసుకున్నా తెలుస్తుంది.

ట్యాంకర్ నయమనేవాళ్లు 2024 వేసవిని అప్పుడే మరిచిపోయారా? బోర్లెండిపోయి ట్యాంకర్లవాళ్లు నోటికొచ్చిన రేటు చెబుతుంటే, జిల్లా యంత్రాంగం కలగజేసుకుని 5 కిలోమీటర్లలోపు 6 వేల లీటర్ల ట్యాంకరుకు 600 రూపాయలని కట్టడి పెట్టింది. ఆ కట్టడి రేటుకే వెయ్యి లీటర్లు వంద రూపాయలు. 2025 పెంపు తర్వాత కూడా పైపులో వచ్చేది మొదటి 8 వేల లీటర్ల దాకా ఎనిమిదిన్నరే. నిజంగా పొట్ట కొట్టేది ఏదో చెప్పండి. కావేరి పైపు లేని వీధుల్లో పేదలు ట్యాంకర్ రేటే కట్టాలి. వాళ్ల పేరు చెప్పి ఈ పెంపును తిట్టడం నాకు బాధగా ఉంటుంది.

లీకుల మాట నిజమే. పంపు చేసిన నీళ్లలో నాలుగో వంతుకు పైగా లెక్కకు రాకుండా పోతున్నాయి. అయితే పాత పైపులు తవ్వి మార్చడానికీ డబ్బే కావాలి.

అడగాల్సింది వేరే ఉంది. 2025 పెంపుతో పాటే, ఆ తర్వాత ఏటా ఏప్రిల్‌లో 3 శాతం దానంతటదే పెరిగేలా పెట్టారు. జనంతో చర్చ లేకుండా అలా పెంచుకుంటూ పోవడం ఒప్పుకోకూడదు. నగరంలో కలిపిన 110 గ్రామాల కోసం 2024 అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ ప్రారంభించారు కదా, అక్కడ ఇంకా కనెక్షన్ రాని వీధులకు ఎప్పుడిస్తారో వార్డులవారీగా తేదీలు రాయించుకోవాలి.