బి-ఫారం గారికి మిలటరీ బాబాయి తరఫున

మహారాజశ్రీ బి-ఫారం గారికి,

గుంటూరు నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ ఎండలు, మిర్చి ఘాటు రెండూ మామూలే. తమరి కులాసా ప్రత్యేకంగా అడగక్కర్లేదు. ప్రభుత్వాలు మారుతున్నాయి, పొద్దున ఒక కండువా, సాయంత్రం ఇంకో కండువా వేసుకునే నాయకులూ మారుతున్నారు. తమరి దర్జాకి మాత్రం ఏ ఎన్నికల్లోనూ లోటు రాలేదు.

తమరెవరో తెలియని అమాయకులు ఇంకా కొందరున్నారు కాబట్టి ఒక్క మాట. ఫలానా నియోజకవర్గంలో ఫలానావారే మా అభ్యర్థి అని పార్టీ పెద్ద సిరా పెన్నుతో సంతకం పెట్టి రిటర్నింగ్ అధికారికి పంపే కాగితం తమరు. ఆ సంతకం పెట్టే హక్కు ఎవరిదో చెప్పేది తమరి అన్నగారు ఏ-ఫారం. జిరాక్స్ చెల్లదు, రబ్బరు స్టాంపు సంతకం చెల్లదు, నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు చేరాలి. తమరి వంశవృక్షం 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వులో ఉంది. రాజ్యాంగంలో తమరి ఊసే లేదు. లోక్‌సభకి నిలబడాలంటే భారత పౌరుడై ఉండాలని, 25 ఏళ్లు నిండాలని ఉంది తప్ప, తమరి కటాక్షం ఉండాలని ఏ అధికరణలోనూ రాయలేదు. మా బాబాయి పాపం రాజ్యాంగాన్ని నమ్మాడు.

బాబాయిది ఆర్టిలరీ. గోల్కొండలో ట్రైనింగ్ అయ్యాడు, 1999లో ద్రాస్ దగ్గర బోఫోర్స్ ఫిరంగి వెనకాల ఉన్నాడు, సుబేదారుగా రిటైరై గుంటూరు వచ్చాడు. పేటలో పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, చిన్నా పెద్దా అందరికీ మిలటరీ బాబాయే. ఈ గౌరవం ఆయన మిలటరీ క్యాంటీన్‌కి వెళ్లొచ్చిన రోజుల్లో కాస్త పెరుగుతుంది, అది వేరే సంగతి. సాయంత్రం అరుగు మీద చేరేవాళ్లలో ఒకడు "మీలాంటి మిలటరీ వాళ్లొస్తే తప్ప ఈ దేశం బాగుపడదు బాబాయ్" అంటాడు. అదే నోటితో "ఇంతకీ ఈసారి ఓటుకి ఎంతిస్తున్నారంటావ్?" అని పక్కవాణ్ని అడుగుతాడు. ఫిరంగుల దగ్గర పనిచేసినవాళ్లకి ఒక చెవి మందం కాబట్టి బాబాయికి మొదటి మాట వినపడింది, రెండోది వినపడలేదు. ఎంపీగా నిలబడతానన్నాడు.

ఢిల్లీ వెళ్లి ఏం చేస్తావు బాబాయ్ అంటే, రక్షణ శాఖ పద్దు చర్చకొచ్చినప్పుడు మాట్లాడతానన్నాడు. ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ కోసం 2015లో జంతర్‌మంతర్ దగ్గర ముసలి సైనికులు మెడల్స్ పెట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది కదా, లోపల మనవాడొకడు ఉంటే బయట అంతమంది కూర్చోనక్కర్లేదు కదా అని ఆయన లెక్క. లెక్క తప్పేమీ కాదు. తమరి లెక్కలో పడలేదంతే.

మాకు ఇంకో ధీమా కూడా ఉంది లెండి. మంగళగిరి, తాడేపల్లి మా గుంటూరు లోక్‌సభ కిందికే వస్తాయి. ప్రాంతీయ పార్టీల పెద్దాఫీసులు అక్కడే. తమరు పుట్టే చోటికీ మా ఇంటికీ గట్టిగా గంట ప్రయాణం లేదు. దరఖాస్తు పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్లాం. ఏ పార్టీ అని అడక్కండి, ఏదైనా అదే సోఫా. రెండు ఫోన్లున్న ఒకాయన కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడాడు.

"ఎంత పెట్టుకోగలరండీ?"

నల్లపాడు దగ్గర ఒక ప్లాటుందన్నాడు బాబాయి.

"అది కాదండీ. ఎంపీ అంటే కింద ఏడు అసెంబ్లీలు. తాడికొండ, తెనాలి, పొన్నూరు... ఏడుగురినీ మీరే చూసుకోవాలి."

"చూసుకోవడమంటే?" అన్నాడు బాబాయి. ఆయన నావైపు చూశాడు, ఈయన నిజంగానే అడుగుతున్నాడా అన్నట్టు.

"సరే, తమరిది ఏ సామాజికవర్గం?"

"గన్నర్నండీ." రెజిమెంటు అడిగాడనుకున్నాడు.

"కేసులేమైనా?"

"ఒక్కటి కూడా లేదండీ" అన్నాడు బాబాయి ఛాతీ పొంగించి. రెండు ఫోన్లాయన మొహం వాడిపోయింది. "ఒక్కటీ లేదా? ప్రజల కోసం పోరాడినట్టు ఏదో ఒక దాఖలా ఉండాలి కదండీ."

"కార్గిల్‌లో పోరాడాను."

"అది సెంట్రల్ సబ్జెక్టండీ."

చివరికి మాజీ సైనికుల విభాగం జిల్లా కన్వీనర్ పోస్టు ఇస్తామన్నారు. బహిరంగ సభకి మెడల్స్ పెట్టుకుని రమ్మన్నారు, వేదిక మీద రెండో వరసలో కుర్చీ. ఎన్నికల ప్రచారంలో సైనికుల ఫొటోలు వాడొద్దని ఎన్నికల సంఘం 2013లో ఒకసారి, 2019 మార్చిలో మరోసారి పార్టీలకి చెప్పింది. ఫొటో వద్దంది కానీ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టొద్దనలేదు కదా! లేచేటప్పుడు ఆ రెండు ఫోన్లాయన గొంతు తగ్గించి క్యాంటీన్‌లో రెండు బాటిళ్లు దొరుకుతాయా అని అడిగాడు. మొత్తం ఇంటర్వ్యూలో బాబాయి తడుముకోకుండా అవునన్న ప్రశ్న అదొక్కటే.

చట్టం ప్రకారం మా రాష్ట్రంలో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు 95 లక్షలు దాటకూడదు. పార్టీ పెట్టే ఖర్చుకి హద్దు లేదు. 2024లో మా గుంటూరులో గెలిచిన అభ్యర్థి అఫిడవిట్‌లో చూపిన కుటుంబ ఆస్తి 5,700 కోట్లు దాటింది. సొంత తెలివితో సంపాదించుకున్న డబ్బు, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ అదే అఫిడవిట్‌లో, అదే గడిలో, సుబేదారు పెన్షన్ రాయడానికి ఏ బాబాయికైనా చెయ్యి వణుకుతుంది.

ఎప్పుడూ ఇలాగే ఉందా అంటే, లేదు. 1952లో పక్కనున్న బెజవాడ ఒక కవిని, హరీంద్రనాథ్ చటోపాధ్యాయని, స్వతంత్రుడిగా గెలిపించి పంపింది. అదే ఏడాది గుంటూరులోనూ స్వతంత్రుడే గెలిచాడు. ఆ తర్వాత బెజవాడ నాగార్జునసాగర్ ఇంజనీరు కె.ఎల్. రావుని పంపింది. కవి వెళ్లాడు, ఇంజనీరు వెళ్లాడు, సుబేదారు ఎందుకు వెళ్లకూడదని బాబాయి అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

సైనికులకి తమరు అసలు దక్కలేదని అనను. జనరల్ వి.కె. సింగ్‌కి దక్కారు. 2014లో ఘజియాబాద్‌లో ఆయన మెజారిటీ 5 లక్షల 67 వేలు. ఏథెన్స్ ఒలింపిక్స్‌లో వెండి పతకం కొట్టిన కల్నల్ రాథోడ్‌కి దక్కారు. మన తెలుగువాళ్లలో ఎయిర్‌ఫోర్స్ ఫైటర్ పైలట్ ఉత్తమ్‌కుమార్ రెడ్డి 2019లో నల్గొండ నుంచి లోక్‌సభకి వెళ్లారు, అదీ 1999 నుంచి ఎమ్మెల్యేగా వరసగా గెలుస్తూ వచ్చాక. మేము బెజవాడ వెళ్లే హైవే స్వర్ణ చతుర్భుజిలో భాగం. ఆ పనులు జోరుగా సాగుతున్న రోజుల్లో ఢిల్లీలో రోడ్ల శాఖ మేజర్ జనరల్ ఖండూరి చేతిలో ఉండేది. కాజ టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్ స్కాన్ కాకపోతే బాబాయి ఇప్పటికీ "రోడ్డు మావాడిదే, గేటు మాత్రం మావాడిది కాదు" అంటాడు. అంత చేసిన ఖండూరి 2012లో ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రిగా ఉండి సొంత సీటు కోట్‌ద్వార్‌లో ఓడిపోయారు. మన సైన్యానికి మొదటి భారతీయ అధిపతి కరియప్ప 1971లో తమరి అండ లేకుండా బొంబాయిలో నిలబడి ఓడిపోయారు.

తమరి లీల మొత్తం చూడాలంటే మాత్రం 2014లో రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ చూడాలి. రక్షణ, ఆర్థిక, విదేశాంగ శాఖలు మూడూ చూసిన మేజర్ జస్వంత్ సింగ్ సొంత గడ్డ మీద ఆఖరి ఎన్నిక కోసం తన బీజేపీని తమరి కోసం అడిగారు. తమరు రాలేదు. అప్పుడే కాంగ్రెస్ నుంచి వచ్చిన సోనారామ్ దగ్గరికి వెళ్లారు. ఆయన కూడా ఆర్మీయే, కల్నల్! మేజర్ ఇండిపెండెంట్‌గా నిలబడి 87 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. సైన్యంలో అయితే మేజర్ కల్నల్‌కి సెల్యూట్ కొట్టాలి కాబట్టి ప్రోటోకాల్ తప్పలేదని బాబాయి సమాధానపడ్డాడు. నేను పడలేదు.

ఇక మా సంగతి. "ఎంపీ రేసులో మాజీ సైనికుడు" అని జిల్లా ఎడిషన్‌లో సింగిల్ కాలమ్ వార్త వచ్చింది. ఎవరు వేయించారో తెలీదు. మర్నాడే ఆ రెండు ఫోన్లాయన ఫోన్ చేసి "మీ పేరు పరిశీలనలో ఉంది, కాగితాలన్నీ రెడీగా పెట్టుకోండి" అన్నాడు. ఆ పరిశీలన నామినేషన్ల ఆఖరి రోజు దాకా నడిచింది. బాబాయి షూ పాలిష్ చేసుకుని, కోటు మీద మెడల్స్ వరసగా గుచ్చుకుని, డిపాజిట్ 25 వేలు కవర్లో పెట్టుకుని పదిన్నరకే కలెక్టరేట్‌లో ఉన్నాడు. నామినేషన్లు తీసుకునేది పదకొండుకి. గేటు దగ్గర కానిస్టేబులు మెడల్స్ చూసి సెల్యూట్ కొట్టాడు, ఎవరి సెక్యూరిటీ అని కూడా అడిగాడు.

ఆయన దగ్గర రెండో ప్లాను కూడా ఉంది. తమరు రాకపోతే ఇండిపెండెంట్. కానీ పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు, ఇండిపెండెంట్‌కి పదిమంది సంతకాలు కావాలి. అరుగు మీద దేశాన్ని బాగుచేయమన్నవాళ్లే పదిమందికి పైగా ఉంటారు కదా అనుకున్నాం. ఒకడి బావమరిది అవతలి పార్టీలో ఉన్నాడు. ఒకడి కొడుకు ట్రాన్స్‌ఫర్ ఫైలు పైన ఉంది. ఇంకొకడు "సంతకానిదేముంది బాబాయ్, ఓటు నీకే" అని చెయ్యి పట్టుకుని ఊపి వెళ్లిపోయాడు. ఒంటిగంట దాటేసరికి సంతకాలు ఆరు దగ్గర ఆగిపోయాయి.

తమరు మూడింటికి పది నిమిషాలుందనగా వచ్చారు. కారులో, ప్లాస్టిక్ ఫోల్డర్లో, ఏసీలో. తమరిని పట్టుకున్న కుర్రాడు మెట్లెక్కుతూ మమ్మల్ని దాటుకుని పోతుంటే గాలికి ఫోల్డర్ తెరుచుకుంది. తమరి మీద వేరే పేరుంది. సిరా ఇంకా పూర్తిగా ఆరినట్టు లేదు. బాబాయి వాచీ చూసుకుని, "టైముకే వచ్చింది" అన్నాడు. ఆయనకి అదొక్కటే ముఖ్యం.

తమరు అన్యాయం చేశారని కేసు వేసే ఉద్దేశం మాకు లేదు. 2019లో వారణాసిలో బీఎస్‌ఎఫ్ మాజీ జవాను తేజ్ బహదూర్ యాదవ్‌కి పార్టీ టికెట్టే ఇచ్చింది, అయినా ఇంకో కాగితం తేలేదని నామినేషన్ కొట్టేశారు, సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఫలితం లేదు. కాగితాలతో యుద్ధం చేయడం గోల్కొండలో నేర్పలేదు.

కానీ ఒక్కటి ఆలోచించండి. తమరికి కావలసిన సుగుణం మా బాబాయిలో నిండుగా ఉంది. 1985లో పార్టీ ఫిరాయింపుల చట్టం వచ్చాక పార్టీ విప్ జారీ చేస్తే ఎంపీ ఆ ప్రకారమే ఓటెయ్యాల్సిందే, కాదంటే సీటు పోతుంది. పైనుంచి ఆర్డరు రాగానే ఎందుకని అడక్కుండా చేసే మనిషి ఆయన కంటే ఎవరు దొరుకుతారు? పైగా సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఓటు పోస్టులో పంపినవాడు, అది లెక్కలోకి వచ్చిందో లేదో అడగడం కూడా ఆయనకి అలవాటు లేదు.

కాబట్టి మనవి ఏమిటంటే, తమరిలో రెండో గడి ఒకటుంది. అసలు అభ్యర్థి నామినేషన్ చెల్లకపోతే బదులు నిలబడేవాడి పేరు రాసే గడి. చాలాసార్లు అక్కడ అభ్యర్థి భార్య పేరో, కొడుకు పేరో రాసేస్తుంటారు. వచ్చే ఎన్నికల్లో ఆ గడిలోనైనా మా బాబాయి పేరు రాయించండి. రిజర్వులో నిలబడటం ఆయనకి కొత్త కాదు, పదిన్నరకే వచ్చి కూర్చుంటాడు. ఖర్చు మాత్రం అడగొద్దు. ఆ నల్లపాడు ప్లాటు మొన్ననే మా పిన్ని తన పేరు మీద రాయించేసుకుంది.

ఇట్లు,
మిలటరీ బాబాయి అన్నకొడుకు,
గుంటూరు