కుక్క ఎత్తు కొలిచే టేపు గారికి

అయ్యా టేపు గారూ,

నిన్నమొన్నటిదాకా దర్జీ మెడలో వేలాడుతూ నడుములు, భుజాలు చూసుకునే తమరికి బ్రిటన్‌లో ఏకంగా ప్రాణాల మీద తీర్పు చెప్పే కొలువు దొరికిందని తెలిసి సంతోషించాం. అక్కడ నిషేధించిన ఎక్స్‌ఎల్ బుల్లీ అనే రకం కిందికి రావాలంటే కుక్క మగదైతే కనీసం 20 అంగుళాల ఎత్తు, ఆడదైతే 19 ఉండాలట. తల, మూతి, ఛాతీ కూడా చూస్తారు గానీ ముందు తమరు ఊ అనాలి. పందొమ్మిదిన్నర దగ్గర ఆగిన మగకుక్క సాధుజంతువు. ఇంకో అర అంగుళం పెరిగిందా, పులి.

పులి అంటే గుర్తొచ్చింది. నిజం పులిని పెంచుకోవాలంటే అక్కడ 1976 నాటి చట్టం వేరే ఉంది. స్థానిక కౌన్సిల్‌కు దరఖాస్తు, పశువుల డాక్టరు తనిఖీ, బీమా అన్నీ కుదిరితే లైసెన్స్ ఇస్తారు. పులి దగ్గర బోను గట్టిదేనా అని చూస్తారు. కుక్క దగ్గర మొహం చూస్తారు.

తమరి పనితనం తలుచుకుంటే ముచ్చటేస్తుంది. భుజాల మధ్య ఎత్తుగా ఉండే చోట తమర్ని ఆనించగానే, నిమురుతున్నారనుకుని అది తోక ఊపుతుంది. వెల్లకిలా పడి పొట్ట చూపిస్తుంది. బతిమాలి లేపితే ఈసారి ఒళ్లు విరుచుకుంటుంది. మళ్లీ మొదటికి. తల్లిదండ్రులెవరు, ఇప్పటిదాకా ఎవర్నైనా కరిచిందా అన్నవి ఇక్కడ అక్కర్లేదు. జాతి పేరు ఏదైనా, చూడ్డానికి ఎలా ఉందన్నదే లెక్క అని సర్కారే చెబుతోంది. దొంగనైనా ఏం ఎత్తుకెళ్లావని అడుగుతారు కదండీ!

1991 నాటి ప్రమాదకర కుక్కల చట్టం కింద నాలుగు రకాలతో మొదలైన నిషేధ జాబితాకు 2023 డిసెంబరు 31న ఇంగ్లండ్, వేల్స్‌లో ఇది ఐదోదిగా చేరింది. నెదర్లాండ్స్ వాళ్లు 1993లో పిట్‌బుల్ అనే కుక్కను నిషేధించి, కాట్లు తగ్గలేదని 2008లో ఎత్తేశారు. 2024 మార్చిలో మన కేంద్రం నిషేధించమని రాష్ట్రాలకు ఏకంగా 23 జాతుల చిట్టా పంపింది. సంబంధిత వర్గాలను సంప్రదించలేదని కర్ణాటక హైకోర్టు నెల తిరక్కుండా కొట్టేసింది.

బ్రిటన్‌లో ఆ 1991 చట్టంలోనే మూడో సెక్షన్ ఒకటుంది. ఏ కుక్కైనా ప్రమాదకరంగా అదుపు తప్పితే నేరం దాని యజమానిది. అందులో తమరికి పనే లేదు పాపం. గొలుసు వదిలేసి ఫోన్ చూసుకునేవాణ్ని ఏ భుజం దగ్గర్నుంచి కొలుస్తారు?

కుక్కలంటే నాకు భయం లేదని కాదు. పెద్దది పట్టుకుంటే ప్రాణం పోవచ్చు, నిజమే. నన్ను కరిచింది మాత్రం తమరి లెక్కలో పది అంగుళాలు కూడా రాదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని బిస్కెట్లు తినిపించే రకం. "అదేమీ చెయ్యదండీ" అన్న యజమానురాలి మాట పూర్తికాకముందే పిక్క దొరకబుచ్చుకుంది. మచ్చ ఇప్పటికీ ఉంది, రెండంగుళాలకు కాస్త తక్కువ అనుకుంటా. వీలు చూసుకుని వస్తే సరిగ్గా కొలిచి చెబుదురు.

ఇట్లు,
పదంగుళాల బాధితుడు