పోయింది బోర్డు కాదు, కనెక్టరు

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులన్నీ ఉండే సీటీసీ నుంచి ఇప్పుడే ఇంటికి వచ్చాను, కోపం ఇంకా చల్లారలేదు. మా డీటీపీ సెంటర్లో పుస్తకాల పేజీలు కట్టుకునే ఆల్‌ఇన్‌వన్ కంప్యూటర్ (స్క్రీన్ వెనకే అన్నీ ఇమిడి ఉండేది) లోపల దుమ్ము పేరుకుందని పోయిన వారం ఒక సర్వీస్ సెంటర్‌కు ఇచ్చాను. శుభ్రం చేసి తిరిగి ఇచ్చేసరికి స్క్రీన్ మీద బొమ్మ లేదు. అడిగితే, మదర్‌బోర్డు పోయింది మేడమ్, కొత్తది వేయాల్సిందే, 42,000 అవుతుందని చెప్పి, డేటా పోతే తమకు బాధ్యత లేదన్న కాగితం మీద సంతకం పెట్టమన్నారు. ఆ డేటాలో ఎనభై ఏళ్ల మాస్టారొకరు ఏళ్ల తరబడి కూర్చి ఇచ్చిన పల్లె పదాల కోశం ఉంది.

బోర్డు పోయిన కంప్యూటర్ ఎలా ఉంటుందో వాళ్లకు తెలియదా? పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతోంది, క్యాప్స్‌లాక్ నొక్కితే దీపం వెలిగి ఆరుతోంది, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో వేరే మానిటర్ తగిలిస్తే నా పేజీలన్నీ కనిపిస్తున్నాయి. ప్రాసెసర్, మెమొరీ, గ్రాఫిక్స్ అన్నీ బాగున్నాయని, సొంత స్క్రీన్‌కు వెళ్లే దారిలోనే ఎక్కడో తెగిందని తేల్చడానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు.

సీటీసీలో ఒక చిన్న షాపు కుర్రాడు బోర్డును మైక్రోస్కోపు కింద పెట్టి, "బోర్డుకేం కాలే అక్కా, కనెక్టర్ ఒక్కటే ఊడింది" అన్నాడు. స్క్రీన్ కేబుల్ బోర్డులో దూరే చిన్న సాకెట్టు అది. స్క్రీన్ కేబుల్ కొసన ఉండే సన్నటి లోహపు గొళ్లాన్ని ఎత్తి, కేబుల్‌ను బోర్డు వెంబడే మెల్లగా వెనక్కి జరపాలి. సర్వీస్ సెంటర్లో ఎవరో గొళ్లెం ఎత్తకుండానే స్క్రీన్‌ను పైకి లాగారు. విరగ్గొట్టింది వాళ్లే, ఆ విరిగిన దానికి నా దగ్గర 42,000 అడిగిందీ వాళ్లే.

అది నలభై పిన్నుల కనెక్టరు, పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర మిల్లీమీటరు. అతను చుట్టూ ఉన్న ప్లాస్టిక్ భాగాలకు వేడి తగలకుండా క్యాప్టన్ టేపు కప్పి, బోర్డును కింది నుంచి వెచ్చబరిచి, టంకం సాఫీగా కరిగి పారేందుకు ఫ్లక్స్ రాసి, హాట్ ఎయిర్‌తో పాత కనెక్టరును లేపాడు. సీసం లేని టంకం కరగాలంటే 217 డిగ్రీలు దాటాలి; వేడి చాలకుండా లాగితే పిన్నులు అతుక్కుని ఉండే కింది రాగి ప్యాడ్లు లేచిపోతాయి. అప్పటికే లేచిపోయిన రెండు ప్యాడ్ల చోట వెంట్రుకంత ఎనామిల్ తీగతో దారి కలిపాడు. కొత్త కనెక్టరు కూర్చోబెట్టాక, పక్క పక్క పిన్నులు కలిసిపోలేదని మల్టీమీటర్‌తో ఒక్కొక్కటీ చూసుకున్న తర్వాతే పవర్ ఇచ్చాడు, ఎందుకంటే బ్యాక్‌లైట్ కరెంటు కూడా అందులోంచే వెళ్తుంది, అది సిగ్నల్ పిన్నుకు తగిలితే అప్పుడు బోర్డు నిజంగానే పోతుంది. రెండున్నర గంటల పనికి 3,500 తీసుకున్నాడు. స్క్రీన్ మీద నా పేజీ కనబడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేనూ ఇంజనీరింగ్‌లో ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్, చదివినదాన్నే. నాలుగేళ్లు రికార్డుల్లో ఆప్ ఆంప్ సర్క్యూట్లు గీశాను, ఒక్క కనెక్టరు ఊడదీసి పెట్టడం ఎవరూ నేర్పలేదు. ఈ పని చేతనైనవాణ్ణి మెకానిక్ అని తీసిపారేసి, చేతకాక బోర్డులు మార్చేవాణ్ణి ఇంజనీర్ అని పిలుస్తున్నాం. 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పుట్టిన ఊరు ఇది. మా చిన్నప్పుడు ఇంట్లో ఆ సంస్థ చేసిన ఈసీ టీవీ చెడిపోతే రిపేరు చేసే ఆయన టంకం సామాను పట్టుకుని ఇంటికే వచ్చేవారు, టీవీతో పాటే వచ్చిన సర్క్యూట్ కాగితాన్ని నాన్న ఆయన ముందు పరిచేవారు. 2022 డిసెంబరు 24న కంపెనీలు తమ వస్తువుల రిపేరు వివరాలు అందరికీ అందించేందుకని కేంద్రం రిపేరు హక్కు పోర్టల్ తెచ్చింది, అయినా నా బోర్డు సర్క్యూట్ కాగితం ఆ కుర్రాడికి తయారీదారు ఇవ్వలేదు. అదే రకం పని చేయని పాత బోర్డొకదాన్ని పక్కన పెట్టుకుని, ఏ పిన్ను ఎక్కడికి వెళ్తుందో కొలుచుకుని చేశాడు.

ఊడిన కనెక్టరును పొట్లం కట్టి ఇచ్చాడు. రేపు ఉదయం దాన్ని ఆ సర్వీస్ సెంటర్ కౌంటర్ మీద పెట్టి, ఇది ఎవరి చేతిలో విరిగిందో జాబ్‌కార్డు మీద రాసి ఇమ్మని అడుగుతాను. రాసి ఇచ్చేదాకా అక్కడే కూర్చుంటాను.