సెనేట్ క్యాండీ డెస్కు గారికి ఓ తెలుగువాడి అర్జీ

మహారాజశ్రీ అమెరికా సెనేట్ (అక్కడి పార్లమెంటు పై సభ) క్యాండీ డెస్కు గారికి, నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. 1965లో కాలిఫోర్నియా సెనేటర్ జార్జ్ మర్ఫీ తన డెస్కు సొరుగులో చాక్లెట్లు దాచుకుని పక్కవాళ్లకి పంచడం మొదలెట్టిన దగ్గర్నుంచీ మీ ఇలాకాలో లోటన్నది లేదు. రిపబ్లికన్ల వైపు చివరి వరసలో, నడవ పక్కన, అందరూ ఎక్కువగా వచ్చిపోయే తలుపు దగ్గర మీ కాపురం. సభలో నీళ్లు, పాలు తప్ప ఇంకేమీ ముట్టకూడదని రూలు. ఆ రూళ్లన్నీ కాపాడాల్సిన పెద్దలే అటువైపు వాళ్లూ ఇటువైపు వాళ్లూ వచ్చి, మీ సొరుగు లాగి, గుప్పెడు తీసుకుని పోతుంటారు. సరుకు కూడా కొన్నది కాదు, మీ సీట్లో కూర్చున్న సెనేటర్ గారి సొంత రాష్ట్రం కంపెనీలు పంపిస్తాయి. గిఫ్టుల మీద బోలెడు ఆంక్షలున్నా, సొంత రాష్ట్రం సరుకు పంచిపెట్టడానికైతే పర్లేదని ఒక మినహాయింపు ముందే రాసి పెట్టుకున్నారు లెండి.

మీకు రాయడానికి కారణం ఉంది. ఇక్కడ మా తెలుగువాళ్లు ఏ పాట్‌లక్‌లో కలిసినా, పులిహోర గిన్నె సగం అవకముందే ఎవరో ఒకరు "ఈ దేశం రెండు ముక్కలైపోయిందండీ" అంటారు. ఇంకొకాయన వెంటనే "అంతా నాటకం, లోపల అందరూ ఒకటే" అంటాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ రెండు ముక్కలవుతారు. ఇన్నేళ్లుగా రెండు పార్టీల చేతులూ చూసిన మిమ్మల్ని అడిగితే తేలిపోతుంది కదా అనిపించింది.

తగాదా అబద్ధమని నేననను. 2025లో అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా, ఖర్చుల బిల్లు మీద తేల్చుకోలేక 43 రోజులు ప్రభుత్వానికి తాళం వేశారు. ఎయిర్‌పోర్టులో మన బ్యాగులు తనిఖీ చేసేవాళ్లు, విమానాలకి దారి చెప్పేవాళ్లు జీతం లేకుండా డ్యూటీ చేశారు. తాళం వేసినవాళ్ల జీతాలకి మాత్రం చట్టప్రకారం ఢోకా లేదు. ఇదేం కొత్త కోపం కూడా కాదు, మీ డెస్కుల కులంలోనే ఒకరు చూశారు. 1856లో బానిసత్వాన్ని తిడుతూ మాట్లాడినందుకు సెనేటర్ చార్ల్స్ సమ్నర్‌ని ప్రెస్టన్ బ్రూక్స్ అనే దిగువ సభ సభ్యుడు పాత సభామందిరంలోనే చేతికర్రతో చావబాదాడు. నేలకి బిగించిన డెస్కు కింద ఇరుక్కుపోయి, సమ్నర్ లేవలేక దాన్ని పెకలించుకుని బయటపడాల్సి వచ్చింది. ఆ లెక్కన ఇప్పటివాళ్లు ట్వీట్లతో సరిపెట్టుకోవడం నాగరికతే.

నా అనుమానమల్లా మీ దగ్గర జరిగే ఏకగ్రీవాల మీద. ఒకరు లేచి బిల్లు పేరు చదువుతారు, అభ్యంతరం ఉందా అని కుర్చీలోంచి అడుగుతారు, సభలో పట్టుమని పదిమంది ఉండరు, ఎవరూ నోరెత్తరు, పాసైపోతుంది. కాంగ్రెస్ (అంటే ఇక్కడి పార్లమెంటు) సభ్యులు లోపలి సమాచారంతో షేర్ల వ్యాపారం చెయ్యకూడదని 2012లో ఒక చట్టం చేశారు, చప్పట్లు కొట్టించుకున్నారు. తర్వాతి ఏడాది ఏప్రిల్‌లో, లావాదేవీల వివరాలు జనం ఆన్‌లైన్లో వెతుక్కునేలా పెట్టాలన్న నిబంధనల్ని చాలావరకు పీకేశారు. చర్చ లేదు, ఓట్ల లెక్కింపు లేదు, సెకన్లలో అయిపోయింది. మా ఊళ్లల్లో సర్పంచి ఏకగ్రీవమైతే కనీసం గుడికో బడికో నాలుగు రూపాయలొస్తాయి!

2022 మార్చిలో, ఏటా రెండుసార్లు గడియారాలు గంట ముందుకీ వెనక్కీ తిప్పే తంతు మానేద్దామని కూడా ఇలాగే ఏకగ్రీవం చేశారు. బిల్లు వచ్చిందని తెలియని సెనేటర్లు కూడా ఉన్నారట. అప్పుడు కుర్చీలో కూర్చున్నావిడది అరిజోనా, దాదాపు ఆ రాష్ట్రమంతా గడియారాలు అసలు తిప్పనే తిప్పరు. దిగువ సభ ఆ బిల్లుని పట్టించుకోలేదు. అందుకే ఇప్పటికీ నవంబర్ రాగానే ఇంటికి ఫోన్ చెయ్యడానికి తొమ్మిదిన్నర గంటల తేడా కాస్తా పదిన్నర అవుతుంది, మా అమ్మ "ఇవాళ లేటుగా లేచావా?" అంటుంది.

ఇక అసలు బాధ. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నిబంధన మీకు తెలిసే ఉంటుంది. హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చి ఆ క్యూలో నిలబడ్డవాళ్ల పిల్లలు ఇక్కడే కాలేజీలకి వెళ్లిపోతున్నారు. ఉద్యోగాల మీద వచ్చినవాళ్లకి ఆ పరిమితి తీసేద్దామని 2019 జూలైలో దిగువ సభ 365-65 ఓట్లతో అంది. రెండు పార్టీలూ కలిసి వేసిన ఓట్లవి. అదే ఏడాది సెనేట్‌లో ఏకగ్రీవం అడిగితే, ఒకసారి రిపబ్లికన్ పెర్డ్యూ గారు అడ్డం పడ్డారు, ఇంకోసారి డెమొక్రాట్ డర్బిన్ గారు. అడ్డం పడటంలో కూడా ఎంత సఖ్యత! చివరికి 2020 డిసెంబర్లో సెనేట్ కూడా ఏకగ్రీవంగా సరేనంది, కాకపోతే వేరే మాటలతో. రెండు సభల బిల్లులూ పొసగలేదు, జనవరిలో ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది, బిల్లు అటకెక్కింది. వద్దన్నవాళ్లు ఓడిపోయి, కావాలన్నవాళ్లు రెండు చోట్లా గెలిచి, పని మాత్రం జరగకపోవడం నేనింకెక్కడా చూళ్లేదు. షేర్ల వివరాలు దాచే బిల్లుకి ఈ తిప్పలేమీ రాలేదు మరి, రెండు సభలకీ మాటలు భలే కలిశాయి.

కాబట్టి తమరికి ఒకే ఒక్క విన్నపం. ఈసారి సరుకు నింపేటప్పుడు చాక్లెట్ల కింద మా బిల్లు కాపీ ఒకటి పెట్టించండి. చర్చ అక్కర్లేదు, టీవీలో ఉపన్యాసాలు అక్కర్లేదు, జనానికి తెలియాల్సిన పని అంతకన్నా లేదు. వాళ్ల సొంత పని అనుకుని కానిచ్చేస్తే చాలు. ఖర్చులకి వెనకాడకండి, దసరాకి ఇండియా నుంచి పూతరేకులు తెప్పిస్తాను. అయితే సొంత రాష్ట్రం సరుకైతేనే మినహాయింపు అన్నారు కదా, ఆత్రేయపురం ఏ రాష్ట్రం కిందికి వస్తుందో రూల్స్ కమిటీ వాళ్లని కనుక్కుని చెప్పగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఈబీ-2 (ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు) క్యూలో ఒకడు